దిండు కట్టుకుని కనిగిరి రేసుకి

కనిగిరి వెళ్ళడం గొప్పేమీ కాదు. మా చిలకలూరిపేటలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి అక్కడుంటాం. అలాంటి ఊరికి వెళ్ళొచ్చి యాత్ర చేశానంటూ రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి. నేను వెళ్ళింది బస్సులో కాదు. మా ఆయన నాకంటే ఎక్కువగా చూసుకునే పాత మోటారు సైకిల్ మీద, గుంటూరు నుంచి పిడుగురాళ్ల చుట్టూ తిరిగి, రేసులో వెళ్ళాను. వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ షాపుకి వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతున్నారు. ఒకే కథ ఎన్నిసార్లు చెప్పను? అందుకని రాసేస్తున్నాను.

వసారాలో బండి

మాది పరుపుల షాపు. మా మామగారి నాన్నగారి కాలం నుంచీ దూది ఏకడమే మా పని. ముందు గదిలో షాపు, వెనక ఇల్లు, పక్కన ఒక వసారా. ఆ వసారాలో మా పెళ్ళయిన ఏడాది కొన్న ఎర్ర టాంకు బండి ఉంటుంది. అది రెండు స్ట్రోకుల బండి, పెట్రోల్లో ఆయిల్ కలిపి పొయ్యాలి, స్టార్టయితే వీధంతా పొగ. ఎక్కేది నెలకోసారి, తుడిచేది రోజూ.

నాకేమో దూది ఏకే కొత్త మిషన్ కావాలి. పాతది పని తక్కువ, మోత ఎక్కువ. కొత్తది పెట్టాలంటే వసారా తప్ప మరో చోటు లేదు. ఈ మాట మా ఆయన నాగుల్ మీరాతో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అన్నప్పుడల్లా ఆయనకి షాపులో ఏదో పని గుర్తొచ్చేది.

అలా ఉండగా గుంటూరు నుంచి కబురొచ్చింది. ఒకప్పుడు ఏటా మోటారు సైకిళ్ళకి రెండు రోజుల రేసు జరిగేదట. రోడ్ల మీద లారీలు పెరిగి, నడిపే పెద్దవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకుని అది ఆగిపోయింది. మా ఆయన కుర్రతనంలో ఎదురెళ్ళి చూసేవాడేగానీ, పాల్గొందామంటే అప్పటికి బండి లేదు. బండి కొన్నాక రేసు లేదు. ఇప్పుడు మెకానిక్కుల పెద్ద వెంకటేశ్వర్లు గారు దాన్ని మళ్ళీ మొదలుపెడుతున్నాడు. ఆ రాత్రి మా ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉన్నాడు, తినలేదు.

నేను అప్పుడే అన్నాను. "ఏవండీ, ఒక మాట. బండి రెండు రోజులూ తిరిగి టైముకి గుంటూరు చేరితే వసారా దానిదే. నేను మళ్ళీ నోరెత్తను. చేరకపోతే బండి పాత సామాన్ల కొట్టుకి, వసారా నా మిషన్‌కి."

"ఒట్టా?"

"ఒట్టు."

ఆ బండి సత్తెనపల్లి దాటదని నాకు గట్టి నమ్మకం. అయితే రేసు నియమాలు వినేసరికి నవ్వు ఆగిపోయింది. బండి మీద ఇద్దరుండాలి. ఇద్దరూ తలా కొంత దూరం నడపాలి. మా ఆయన నన్నే చూశాడు. ఆయనకి స్నేహితులు లేక కాదు, వాళ్ళందరికీ నడుం నొప్పులు.

పత్తి మిల్లులో పాఠాలు

మూతబడిన ఒక పత్తి మిల్లు ఆవరణలో నేను బండి నేర్చుకున్నాను. క్లచ్ వదిలితే బండి గెంతేది, పట్టుకుంటే ఆగేది. ఈ రెండిటికీ మధ్య ఒక చోటుందని మా ఆయన చెప్పేవాడు, ఆ చోటు నాకు వారం దాకా దొరకలేదు. పక్క వీధి ఆడవాళ్ళు సాయంత్రం పనులు మానుకుని గోడ మీదుగా చూసేవాళ్ళు. "సైదాబీ, ఎటు పోతన్నావే" అని ఒకావిడ అడిగితే, "బండిని అడుగు" అన్నాను.

సీటు మాత్రం రాయి. రెండు రోజులు దాని మీద కూర్చుంటే మనిషి మనిషిగా లేవడు. పరుపులు కుట్టే ఇంట్లో ఆ కష్టం దేనికని కొత్తగా ఏకిన దూదితో ఒక బారు దిండు కుట్టాను. మెత్తగా, లావుగా, నిలబెడితే నిలబడేలా. నడిపేవాళ్ళ నడుముకి కట్టుకోవడానికి రెండు పట్టీలు పెట్టాను. ముందున్నవాళ్ళకి వీపు ఆనుతుంది, వెనకున్నవాళ్ళకి గుండెకి ఆనుతుంది. ఆ దిండంత మంచి దిండు నేను ఇంతవరకూ కుట్టలేదు.

గుంటూరు

మిరప కోతలు జోరుగా సాగే రోజులు. పొద్దున్నే గుంటూరు చేరేసరికి ఊరంతా మిరపకాయ ఘాటు. అక్కడ చేరిన బళ్ళని చూస్తే నవ్వొచ్చింది. రేసంటే నిగనిగలాడే బళ్ళు ఉంటాయనుకున్నాను. పాల క్యాన్లు మోసి రెండు పక్కలా సొట్టలు పడ్డ బండి ఒకటి. ఒక లాయరు గారు, ఆయన గుమాస్తా కలిసి వచ్చిన బండి ఇంకొకటి. ఆ ఇద్దరూ బండి మీద కూడా సార్, సార్ అనుకుంటూనే ఉన్నారు.

వెంకటేశ్వర్లు గారు ఒక్కో బండినీ వంగి చూస్తున్నాడు. షోరూములో కొన్నప్పుడు ఏమేం ఉన్నాయో అన్నీ ఉండాలి. అద్దాలు, హారను, చైను కవరు, చివరికి చీర చక్రంలో పడకుండా పెట్టే శారీ గార్డు కూడా. కొత్తగా ఏదీ తగిలించకూడదు. మా దిండు దగ్గర ఆగాడు.

"ఇది షోరూము వాళ్ళు ఇచ్చారా?"

"బండికి కాదండీ, మనిషికి కట్టింది" అన్నాను, పట్టీలు చూపించి.

ఆయన దిండుని నొక్కి చూశాడు. మళ్ళీ నొక్కాడు. "మా ఇంటికొకటి కుట్టిపెట్టమ్మా" అని ముందుకెళ్ళాడు.

బయల్దేరే ముందు అందరికీ చెప్పాడు. "ఇది ఎవరు ముందొస్తారని కాదు. పోలీసు వాళ్ళకి మాటిచ్చాను, స్పీడు యాభై దాటినోళ్ళని నేనే ఇంటికి పంపిస్తా. కొనుక్కున్న బండి, సంసారం చేసిన బండి, రెండు రోజులు తిరిగి రేపు పొద్దుగుంకేలోపు ఇక్కడికి రావాలి. ఇద్దరూ రావాలి. అంతే."

మా ఆయన కిక్కు కొట్టాడు. స్టార్ట్ కాలేదు. మళ్ళీ కొట్టాడు. లాయరు గారి గుమాస్తా జాలిగా చూశాడు. నేను మిషన్ ఏ గోడకి ఆనించాలో ఆలోచిస్తూ ఉండగా అది దగ్గి, పొగ కక్కి, బయల్దేరింది.

పిడుగురాళ్ల

దారిలో ఒక్కో ఊళ్ళో ఆగి, వచ్చామని ముద్ర వేయించుకోవాలి, మొదటిది పిడుగురాళ్లలో. ఈ ముద్రలు కాగితాల మీద కాదు, ముంజేతి మీద, ఆవులకి వేసినట్టు. వేసేది ఆ ఊరి మెకానిక్కులు.

ముద్ర వేసి పంపిస్తారనుకుంటే తప్పు. టెంటు కింద మూకుడు పెట్టి బజ్జీలు వేస్తున్నారు. మా ఆయన చెయ్యి చాపితే, చేతిలో ముద్ర బదులు బజ్జీల పళ్ళెం పెట్టారు.

"తొందరగా వెళ్ళాలన్నా" అన్నాడు ఈయన.

"తినకుండా పంపిస్తే రేపు వినుకొండోళ్ళు మమ్మల్ని ఏమనుకుంటారు? తినండి, ముద్రెక్కడికీ పోదు."

ఇదే రేసులో అసలు కష్టమని అప్పుడు తెలిసింది. ప్రతి ఊరూ పక్క ఊరికంటే బాగా పెట్టాలని పట్టుదల మీద ఉంది. లాయరు గారు రెండు పళ్ళేలు తిని, బండెక్కలేక చెట్టు కింద కూర్చున్నాడు.

పిడుగురాళ్లలో సున్నం బట్టీల వీధి దాటేసరికి మేమిద్దరం తెల్లగా అయిపోయాం. చెట్లు, గోడలు, కుక్కలు, అన్నీ తెలుపే. మేమూ రోజూ సాయంత్రానికి దూది పట్టి తెల్లగానే ఉంటాం కాబట్టి నాకు వింతనిపించలేదు. నేను బోరింగు దగ్గర మొహం కడగబోతుంటే టీ అంగడి ఆవిడ ఒక్క అరుపు అరిచింది.

"నీళ్ళు పెట్టమాక తల్లీ, మంట పుడతది. ముందు నూనె రాసి తుడువు."

తనే కొబ్బరినూనె సీసా ఇచ్చింది. మా దూదైతే దులుపుకుంటే పోతుంది. ఇక్కడి ఆడవాళ్ళు ఇంటికెళ్ళి ముందు నూనె రాసుకుంటారట, తర్వాతే స్నానం. టీ పది రూపాయలు, మా పేటలో లాగానే. నూనెకి డబ్బులు తీసుకోలేదు. గ్లాసులు కడుగుతూ అడిగింది, "రేసంటే ముందుపోయినోళ్ళు గెలుత్తారుగా?"

"ఇందులో ఆగనివాళ్ళు గెలుస్తారు."

"అయితే నేనే గెలిచా. పెళ్ళయిన కాడ్నుంచి ఆగింది లేదు" అంది. ఆవిడ నవ్వలేదు, నేను మాత్రం వినుకొండ దారిలో సగం దూరం నవ్వుతూనే ఉన్నాను.

వినుకొండ, ఆ తర్వాత

వినుకొండ దారిలో మిరప కల్లాలు మొదలయ్యాయి. రోడ్డు పక్క చేలల్లో కాయలు ఆరబోసి, ఎటు చూసినా ఎరుపు. చూడ్డానికి బాగుంటుంది. గాలి మన మీదికి తిరిగేదాకా బాగుంటుంది. ఒక కల్లంలో కాయలు తిరగేస్తున్నారు, గాలి తిరిగింది, ముందున్న పాలబండి ఆయన తుమ్మాడు. ఆ వెనక ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం తుమ్ముకుంటూ బళ్ళు రోడ్డు పక్కకి దింపేశాం. మా ఆయన హెల్మెట్ అద్దం మూసుకుని తుమ్మి, తర్వాత ఏమీ కనపడక అలాగే కూర్చుండిపోయాడు. కల్లంలో ఆడకూలీలు ముక్కులకి గుడ్డలు కట్టుకుని మమ్మల్ని చూసి పడీపడీ నవ్వారు. ఒకావిడ తన నెత్తి గుడ్డ చింపి నాకూ ఈయనకీ చెరో ముక్క ఇచ్చింది. పొద్దున తెల్లబడ్డ వాళ్ళం మధ్యాహ్నానికి కళ్ళూ ముక్కులూ ఎర్రబడి వినుకొండ చేరాం. అక్కడ పులిహోర, వడలు. వద్దనడానికి నోరు తెరిస్తే ఆ నోట్లోనే పెట్టారు.

దర్శి దాటాక నేల రంగు మారింది. చేలు పలచబడ్డాయి, రాళ్ళు ఎక్కువయ్యాయి, మేకలు కనిపించాయి. పొదిలి ఇవతల బండి గురగురమని ఆగిపోయింది. మా ఆయన దిగి, ప్లగ్ ఊడదీసి, గీకి, ఊది, మళ్ళీ పెట్టాడు. నేను పైకి "అయ్యో" అంటున్నాను. లోపల కొత్త మిషన్‌కి కరెంటు పాయింటు ఎక్కడ పెట్టించాలా అనుకుంటున్నాను. ఇది దాచుకుని లాభం లేదు, ఆ మొదటి రోజంతా నేను బండి మీద కూర్చున్న బండి శత్రువుని.

కానీ ఆయన మొహం చూశాను. చేతులకి మసి, చెమట, కళ్ళలో భయం. ప్లగ్ బిగించి, కిక్కు మీద కాలు పెట్టి, కొట్టే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. బండి అందుకుంది. నాకు సంతోషం వేసింది, వేసినందుకు నా మీద నాకే చిరాకేసింది.

కనిగిరి

కనిగిరి కొండ చాలా దూరం నుంచే కనిపిస్తుంది, పైన కోట గోడలతో సహా. ఊళ్ళో మమ్మల్ని ఇళ్ళకి పంచారు. మేము సుబ్బలక్ష్మి టీచర్ గారింటికి. రిటైరైన ఆవిడ, భర్త శాస్త్రి గారు పౌరోహిత్యం చేస్తారు. గుమ్మంలోనే ఆవిడ కొంచెం మొహమాటపడ్డారు.

"మా ఇంట్లో మాంసం వండమమ్మా, ఏమీ అనుకోకండి."

"అమ్మా, పొద్దుట్నుంచి ఊరూరా మేసుకుంటూ వచ్చాం. మజ్జిగ పోస్తే చాలు" అన్నాడు మా ఆయన.

మజ్జిగతో ఆగలేదు. సజ్జ రొట్టెలు, వంకాయ కూర, కంది పచ్చడి. సజ్జ రొట్టె మా వైపు పెద్దగా చెయ్యరు. వేడిగా నెయ్యి రాసి ఇస్తే, తినలేనన్న మనిషిని మూడు తిన్నాను. నేను కుళాయి కింద గ్లాసు పెట్టబోతే టీచర్ గారు ఆపారు. ఆ నీళ్ళలో ఫ్లోరైడ్, తాగేవి వేరే క్యాన్లో వస్తాయి. ఆ ఇంట్లో తాగే నీళ్ళు ఎవరూ సగం గ్లాసు వదిలిపెట్టరు. మా ఇంట్లో నేను గ్లాసు కడిగిన నీళ్ళతో ఇక్కడ ఒక పూట గడుస్తుందేమో. ఆ రోజు నుంచి నేనూ వదలడం లేదు.

పడుకోవడానికి మాకు వాళ్ళింట్లో ఉన్న మంచి పరుపు వేశారు. మా ఆయన దాని మీద వాలి, అటు దొర్లి, ఇటు దొర్లి, చేత్తో నొక్కి చూసి, "పాపం" అన్నాడు.

"ఎవరు?"

"పరుపు. ఉండలు కట్టి ఎన్నేళ్ళయిందో."

"పడుకోండి. రేపు పెందలాడే లేవాలి."

ఆయన లేచాడు, పెందలాడే లేచాడు. నేను కళ్ళు తెరిచేసరికి కింద నేల మీద ఉన్నాను, పక్కన ఆయన లేడు, కింద పరుపు లేదు. పైనుంచి టపటపమని చప్పుడు. డాబా ఎక్కి చూస్తే పరుపు కుట్లు విప్పి, దూదంతా దుప్పటి మీద పోసి, రెండు బెత్తాలతో కొడుతున్నాడు. శాస్త్రి గారు పక్కన స్టూలేసుకుని కాఫీ తాగుతూ చూస్తున్నారు. వెనకాల కొండ మీద కోట, ఎదర ఎగురుతున్న దూది, మధ్యలో మా ఆయన మహా ఆనందంగా.

"ఏవండీ, అందరూ వెళ్ళిపోతున్నారు" అన్నాను.

"విప్పేశాను సైదా. విప్పింది కుట్టకుండా ఎలా వెళ్ళను?"

మా వృత్తిలో ఒకరి పరుపు విప్పి అలా వదిలేసి పోవడమన్నది లేదు. సూది నేనే తీసుకున్నాను. ఇద్దరం చెరో వైపు నుంచి కుట్టుకొచ్చాం. టీచర్ గారు దాని మీద కూర్చుని చూసి, చిన్నపిల్లలా మళ్ళీ లేచి మళ్ళీ కూర్చున్నారు. పెరుగన్నం పొట్లం కట్టిస్తూ ఆవిడ, "మావల్ల ఆలస్యమైంది కదమ్మా" అని బాధపడ్డారు. మీవల్ల కాదు, ఈయన చేతుల వల్ల అన్నాను. మేము బయల్దేరేటప్పటికి మిగతా బళ్ళ పొగ కూడా కనిపించలేదు.

పర్చూరు

తిరుగు దారి అద్దంకి మీదుగా. మా ఆయన ముందుకి వంగి నడిపాడు. దారిలో లాయరు గారి బండి ఒక టైరు షాపు ముందు పడుకుని ఉంది, గుమాస్తా "మీరైనా వెళ్ళండి సార్" అని చెయ్యి ఊపాడు. పర్చూరు చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. పొగాకు వాసన, వేడి, కోడి వేపుడు వాసన. ముద్ర వేసే పెద్దాయన మమ్మల్ని చూసి, "మీరే ఆఖరా? అన్నీ చల్లారిపోయినయ్యి" అని తిట్టినట్టే అన్నాడు, అంటూనే విస్తరేశాడు. నిలబడి తిన్నాం.

ఇక్కడి నుంచి గుంటూరు దాకా నడపాల్సింది నేను. దిండు విప్పి నా నడుముకి కట్టాడు మా ఆయన. హెల్మెట్ బకిల్ బిగించాడు.

"సైదా, నువ్వు బండిని కావాలని పడేసినా నేనేమీ అనను" అన్నాడు, మెల్లిగా.

"ఇంకా నేర్చుకోలేదు, కావాలని పడేసేంత" అన్నాను.

పెద్దాయన వెనక నుంచి కేకేశాడు. "రోడ్డంతా పత్తి ట్రాక్టర్లున్నయ్యి, చూసుకుని పోండి."

పెదనందిపాడు రోడ్డు

క్లచ్‌కీ గెంతుకీ మధ్య ఉండే ఆ చోటు ఇప్పుడు నా ఎడమచేతికి బాగా తెలుసు. గేరు మారిస్తే మారుతోంది. నల్ల నేల, రెండు పక్కలా పత్తి చేలు, గాలి. నేను నలభైల్లో ఉన్న ఆడదాన్ని, ముగ్గురు పిల్లల తల్లిని, షాపులో కూర్చుని తలగడలకి గలీబులు కుట్టే మనిషిని. ఆ రోడ్డు మీద మాత్రం పాట రాక ఏదో కూనిరాగం తీస్తున్నాను.

పెదనందిపాడు దాటాక ఒక ఇరుకు వంతెన. ముందు పత్తి ట్రాక్టర్లు బారులు తీరి ఆగాయి, మేమూ ఆగాం. తొట్లలోంచి పొర్లి పత్తి రోడ్డు పొడుగునా పడుంది. కాసేపటికి ట్రాక్టర్లు కదిలాయి, నేనూ కదిలించాను. అబ్బ, ఎంత సుతారంగా కదిలిందో. అంతకుముందు గేరు వేస్తే మూలిగే బండి ఇప్పుడు నీళ్ళలో చేపలా పోతోంది. బండి నడపడమంటే ఇదన్నమాట, చెయ్యి కుదిరితే బరువే తెలియదు అనుకుని పొంగిపోయాను.

నాకు మాట్లాడాలనిపించింది. వెనక్కి తిరగకుండానే మొదలుపెట్టాను.

"ఏవండీ, చూశారా ఎలా నడుపుతున్నానో?"

జవాబు లేదు. భయపడుతున్నాడులే అనుకున్నాను. అద్దంలో చూద్దామంటే ఆ అద్దాల్లో ఎప్పుడూ మన మోచేతులే కనిపిస్తాయి. వీపుకి మాత్రం మెత్తగా, వెచ్చగా ఆనుకునే ఉన్నాడు.

"అలిగారా? కనిగిరిలో కసిరాననా? ఆ పరుపు బాగా కుదిరింది లెండి. మీ చెయ్యి పడితే దూది తేలిపోతుంది, అది నేనెప్పుడూ చెప్పలేదు."

జవాబు లేదు. ఇంక ఆగలేకపోయాను.

"సరే, ఇదీ చెప్తున్నా వినండి. బండి బాగుందండీ. మీరు దీన్ని ఎందుకింత చూసుకుంటారో నాకు ఇవాళ తెలిసింది. చిన్నప్పటి నుంచీ ఎవరో ఒకరి వెనక కూర్చున్నదాన్నే. ముందు కూర్చుంటే లోకం ఇలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు."

అంత మాట పెళ్ళయిన ఇన్నేళ్ళలో అనలేదు. ఆయన ఉలకలేదు, పలకలేదు. మనసు నిండిపోయి ఉంటుందిలే అనుకుని, నేనూ కళ్ళు తుడుచుకుని, గుంటూరులోకి వచ్చేశాను.

టెంటు కనిపించింది. జనం చప్పట్లు కొడుతున్నారు. వెంకటేశ్వర్లు గారు ముద్ర పట్టుకుని ఎదురొచ్చి, నా వెనక్కి చూసి, ఆగిపోయాడు.

"అమ్మా, మీ ఆయనేడీ?"

"ఇదుగో" అని వెనక్కి చెయ్యి పెట్టాను. దిండు.

చప్పట్లు నవ్వులైపోయాయి. పాలబండాయన రోడ్డు మీదే కూలబడి నవ్వాడు. నేను కుట్టిన దిండు నన్నే ముంచింది. ఆయన వంతెన దగ్గర ఎందుకు దిగాడో ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. రోడ్డు మీద పత్తి పడుంటే ఆయన కాళ్ళు ఆగవు. ఎవరి పత్తయినా సరే, ఏరి, పోగు లాగి, ఎంత పొడుగుందో చూడాల్సిందే.

వెంకటేశ్వర్లు గారు పడమటివైపు చూశాడు. "ఇంకా పొద్దుందిగానీ, ఇద్దరూ వస్తేనేనమ్మా ముద్ర. నియమం నియమమే."

నాకు నవ్వూ ఏడుపూ ఆగి, ఒక్కసారిగా అర్థమైంది. నేను గెలిచాను. బండి దిగి, ఆ టెంటు కింద కుర్చీలో కూర్చుని, ఒక గ్లాసు మజ్జిగ తాగితే చాలు. వసారా నాది, మిషన్ నాది. ఎవరూ నన్ను ఒక్క మాట అనరు, ఆయన కూడా అనడు. అనడని తెలుసు కాబట్టే కూర్చోలేకపోయాను.

ఇంజను ఆపలేదు. బండి తిప్పేశాను.

ప్రత్తిపాడు ఇవతల ఎదురొచ్చాడు, ఒక పత్తి ట్రాక్టరు మీద, పత్తి గుట్టలో మెడదాకా కూరుకుని. నన్ను చూసి ట్రాక్టరాయన భుజం తట్టి ఆపించాడు. ఒళ్ళంతా పత్తి, రెండు గుప్పిళ్ళ నిండా పత్తి.

"పోగు ఎంత పొడుగుందో చూడు సైదా" అన్నాడు ముందు. తర్వాత గుర్తొచ్చి గుప్పిళ్ళు తెరిచేశాడు. "చేరావా?"

"చేరాను."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

ఆయన బండి వైపు చూశాడు. టాంకు మీద చెయ్యి వేసి, తీసేశాడు. "పోనీలే. మాటంటే మాటే. వసారా నీది."

"ఎక్కండి."

"ఎందుకు ఇంకా?"

"పొద్దు ఇంకా ఉంది. ఎక్కండి."

"నేను నడుపుతా, తొందరగా..."

"మీరు వెనక కూర్చోండి. దిండు తీసి ట్రాక్టర్లో పడెయ్యండి. నా నడుం పట్టుకోండి, ఉన్నారో లేదో నాకు తెలియాలి."

నడిరోడ్డు మీద, ట్రాక్టరాయన చూస్తుండగా, నా మొగుడు సిగ్గుపడుతూ నా నడుం పట్టుకున్నాడు. బండి మళ్ళీ బరువెక్కింది, మూలిగింది, కదిలింది. నేను యాభై దాటలేదు, ఒట్టు. నలభై తొమ్మిది నుంచి మాత్రం ముల్లు దిగనివ్వలేదు. మిరప కోల్డ్ స్టోరేజీల వెనకాల సూర్యుడు సగం దిగాడు. టెంటు దగ్గర జనం రోడ్డు మధ్యకి వచ్చేసి, కొందరు మమ్మల్ని, కొందరు సూర్యుణ్ణి చూస్తున్నారు. వెంకటేశ్వర్లు గారు మా ఇద్దరి చేతులూ లాగి, దగ్గర దగ్గరగా పెట్టి, ఒకేసారి ముద్ర గుద్దేశాడు. చేరిన బళ్ళలో మాదే ఆఖరు. చేరింది, అది చాలు.

మా ఆయన బండిని వాటేసుకుంటాడనుకున్నాను. నా పక్కనే నిలబడి, చేతి మీద ముద్ర ఆరేదాకా ఊదుతూ ఉన్నాడు. జనం పలచబడ్డాక అడిగాడు.

"నువ్వు వెనక్కి రాకపోతే మిషన్ వచ్చేసేది కదా. ఎందుకొచ్చావు?"

దారిలో దిండుకి చెప్పిందంతా మళ్ళీ చెప్పడానికి నాకు నోరు రాలేదు. "మిషన్ ఎక్కి ఇద్దరం కనిగిరి వెళ్ళలేం కదండీ" అన్నాను.

ఆయన తాళం నా చేతికిచ్చి వెనక ఎక్కి కూర్చున్నాడు. రేసు అయిపోయింది, ఇక పట్టుకోవాల్సిన పనేమీ లేదు. అయినా నా నడుం చుట్టూ వేసిన చెయ్యి పేట చేరేదాకా తియ్యలేదు.